మొదటాయన వంతు

మన ఇల్లు, వెనక వరండా
ఎండలు ముదురుతున్న రోజులు

ఒరేయ్ తమ్ముడూ,

ఏదైనా ముంచుకొస్తే తప్ప నువ్వు కలం పట్టవు కాబట్టి, ఉత్తరం రాలేదంటే నిక్షేపంగా ఉన్నావని లెక్క. అందుకని ఆ కుశలప్రశ్నలు వదిలేసి సరాసరి విషయానికొస్తాను. మన నాన్న మొహమాటానికి చచ్చిపోయేలా ఉన్నాడు.

నవ్వకు. నేను మాటవరసకి అనడం లేదు.

నాన్న వెనకాలే ఈ ఊరొచ్చి మనకి వరసకి బాబాయైన మన రెండో బాబాయి మంచం పట్టాడు. పట్నం నుంచి డాక్టరొచ్చి గుండె మీద గొట్టం పెట్టి విని, "యంత్రం అరిగిపోయిందమ్మా, ఇక మందులు మింగించి ఆయన్ని బాధపెట్టకండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. వేరే ఊళ్ళో అయితే ఆ పెద్దమనిషి హాయిగా కళ్ళు మూసుకునేవాడు. మన ఊళ్ళో ఎలా కుదురుతుంది? మన నాన్న ఇంకా బతికే ఉన్నాడాయె!

నీకు తెలియని సంగతులేం కావు గానీ కడుపుమంట కొద్దీ రాస్తున్నాను. ఈ నేల మీద మొదట నాగలి పెట్టిన పాపానికి యాభై ఏళ్ళుగా ప్రతిదానికీ ఆయన్నే ముందుకు తోశారు. మొదటాయన అని పేరు కూడా పెట్టారు. ఆయన గుప్పెడు గింజలు చల్లితే గానీ ఎవరూ విత్తరు. ఆయన కొడవలి పెడితే గానీ ఎవరూ కోయరు. బావి తవ్వితే ఆ బురద నీళ్ళు మొదట ఆయనే తాగాలి. వంతెన కడితే అది నిలుస్తుందో కూలుతుందో ఆయనే నడిచి చూడాలి. బడి పెట్టినప్పుడు నలభై ఏళ్ళ మనిషిని తీసుకెళ్ళి మొదటి బెంచీ మీద ఒక పూట కూర్చోబెట్టారు. పళ్ళ డాక్టరు వచ్చినప్పుడైతే ఊరంతా బుగ్గలు పట్టుకుని నిలబడి, మొదటాయనది పీకందే మేం నోరు తెరవం అన్నారు. ఏ నొప్పీ లేని మనిషి గట్టి పన్నొకటి పీకించుకుని ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ళలో దేనికీ ఒక్కసారి కాదనలేదు.

చావు విషయంలో ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చారు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే బండి కట్టి పక్క ఊళ్ళో చుట్టాలింటికి దాటించేవారు. అక్కడ పోతే మన లెక్కలోకి రాదు. అమ్మ కూడా అలా పట్నం ఆసుపత్రిలోనే పోయింది గదా. కానీ రెండో బాబాయి బండి ఎక్కనంటున్నాడు. "నేనీ ఊరు వచ్చింది మొదటాయన వెనకాల. పోయేది కూడా ఆయన వెనకాలే, ఈ మంచం మీదే" అని పట్టు. పళ్ళు బిగపట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన భార్య, మన పిన్ని, రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అన్నయ్యగారు లేచారా?" అని అడుగుతుంది. లేచాడని చెప్పాక ఆవిడ మొహం చూడలేకపోతున్నాను.

మొన్న బడి మాస్టారు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. ఊరి పెద్దరికమంతా ఇప్పుడు ఆయనదేగా. "ఒంట్లో ఎలా ఉందండీ?" అన్నాడు. "బాగానే ఉందండీ" అన్నాడు నాన్న. "అలాగా..." అని అందరూ చెప్పుల వంక చూసుకున్నారు. వాళ్ళు అలా డీలా పడితే మన నాన్నకి మనసొప్పుతుందా? "నిన్న కాస్త దగ్గొచ్చిందండీ" అన్నాడు. మాస్టారు మొహం వెలిగిపోయింది. "కఫం కూడా పడిందా?" అన్నాడు.

అప్పట్నుంచి ఇంట్లో ఇదీ వరస. భోజనం సగంలో లేచిపోతాడు. మంచం మీద తిన్నగా పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, "అమ్మాయ్, ఇలా బాగుందా?" అని అడుగుతాడు. మీ బావేమో, "కాళ్ళు ఇంకాస్త దగ్గరికి పెట్టండి మావయ్యా" అంటాడు. ఇద్దరినీ ఏం చేయమంటావో చెప్పు. నలుగురి కోసం నిజంగానే తిండి మానేస్తే ఆయనెన్నాళ్ళుంటాడు? నాకు భయంగా ఉందిరా.

నీ అక్క


రాతి షెడ్డు, పట్నం
మధ్యాహ్నం, మేస్త్రీ కునుకు తీస్తున్న వేళ

అక్కా,

నవ్వొద్దన్నావు గానీ నవ్వాను. కఫం దగ్గర మరీ నవ్వాను. మేస్త్రీ వచ్చి, ఏంట్రా ఆ ఇకిలింపు, రాయి ఏమైనా జోకు చెప్పిందా అన్నాడు.

ఇందులో ఇంత కంగారెందుకు? నాన్నని నా దగ్గరికి పంపెయ్. గదిలో ఇంకో మంచం పడుతుంది. కిటికీ తీస్తే చుట్టూ బండరాళ్ళే, విత్తడానికి జానెడు నేల లేదు. ఇక్కడ బస్సుకి కూడా జనం మోచేతులతో పొడుచుకుని ఎక్కుతారు. ఆయన్ని ఎవరైనా ముందు పోనిస్తే నన్నడుగు. నాలుగు నెలలు ఇక్కడుంటే ఒళ్ళు చేస్తాడు.

అయినా ఏం మనుషులక్కా! మాస్టారు బడిలో ఏం చెప్పేవాడో గుర్తుందా? అడవిని జయించిన ధీరుడట, క్రూరమృగాలు ఆయన్ని చూసి పారిపోయాయట. ఎద్దు పడుకుందని ఆగిన మనిషాయన! నాగలి తీసుకుని ఎక్కడికో పోతుంటే దారిలో ఎద్దు కూలబడి లేవనంది. అదిలించడానికి మొహమాటం. ఊరికే కూర్చోవడానికి తోచక నాగలి తనే లాక్కుంటూ కాస్త దున్నాడు. దున్నాక గింజలు చల్లకపోతే బాగోదని చల్లాడు. ఎద్దు లేచేసరికి మొలకలొచ్చాయి. "అవి అలా మొహంలోకి చూస్తుంటే వదిలేసి ఎలా వెళ్తాను?" అని మనకి ఎన్నిసార్లు చెప్పలేదు? ఈ మొత్తం ఊరికి మూలపురుషుడు ఆ ఎద్దు. చావాలంటే అదే ముందు చచ్చింది, ఇక వరస గొడవేముంది? మాస్టారుకి చెప్పు.

నేను మాత్రం ఇప్పుడు రాలేను. ఒక రాయి మీద ఉన్నాను. ఎంత చెక్కినా తెమలడం లేదు.

నీ తమ్ముడు


మన ఇల్లు, వంటింటి గడప
ఒక్క చినుకు లేదు

ఒరేయ్,

ఎద్దు సంగతి మాస్టారుకి చెప్పాను. ఎద్దుకి ఊళ్ళో ఓటు లేదన్నాడు.

పట్నం వెళ్ళు నాన్నా అంటే ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "అక్కడ పోతే లెక్కలోకి రాదు గదమ్మా. ఆయనక్కడ నా కోసం కాచుకుని ఉంటే నేను పట్నంలో షికార్లు చేయనా?" అన్నాడు. ఇప్పుడు ఒక పూటే తింటున్నాడు. అది కూడా నేను ఏడిస్తే. చొక్కా మెడ దగ్గర ఇద్దరు పట్టేంత ఖాళీ అయింది.

నిన్న రెండో బాబాయిని చూడ్డానికి తీసుకెళ్ళాను. దారిలో ఉన్నట్టుండి ఆగి, నాకో కోరిక ఉందమ్మా అన్నాడు. ఏ జిలేబీయో అడుగుతాడనుకున్నా. "గుమ్మం దగ్గర ఇద్దరు ఎదురుపడితే ఒకళ్ళు 'ముందు మీరు కానివ్వండి' అంటారు చూడు. ఎంత మర్యాదైన మాట! నాకు ఇంతవరకూ ఎవరితోనూ అనే అవకాశం రాలేదు. నేను గుమ్మం దాకా వచ్చేసరికి అందరూ పక్కకి తప్పుకుంటారు" అన్నాడు. జారిపోతున్న ఆయన పై పంచె భుజం మీదికి లాగాను. సర్లే నడువు అన్నాను.

అక్కడికెళ్ళాక మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా ఆ మాటే ఎత్తాడు. "చూడండీ, మీకు నొప్పిగా ఉంటే, ముందు మీరు..." అనేలోపే రెండో బాబాయి ఎముకల గూడులాంటి మనిషి లేచి కూర్చున్నాడు. "ఛ ఛ! ఎంత మాట! మీరుండగానా?" అని. నాన్న ఆయన్ని మెల్లగా మళ్ళీ పడుకోబెట్టాడు.

"కొట్టంలో నాగలి బాగుందాండీ?" అన్నాడు రెండో బాబాయి.

"బాగుందండీ. నూనె రాస్తూనే ఉన్నాను."

"మీ పని అయిపోయినట్టేనా?"

"ఇంకా ఎక్కడండీ" అని నాన్న నొచ్చుకున్నాడు.

మన కొట్టంలోకి వచ్చినప్పుడల్లా ఆ పాత నాగలిని ఒకసారి నిమిరి వెళ్ళేవాడు ఆయన, గుర్తుందా? వయసు మీద పడ్డా అదే ధ్యాస.

ఇక అసలు కథ విను. శ్మశానానికని వదిలిన దిబ్బ మీద గొయ్యి తవ్వేశారు. నాన్న కోసమే. దానికి మొదటి పలుగు దెబ్బ ఎవరు వెయ్యాలి చెప్పు? పిలవగానే పై పంచె బిగించి వెళ్ళి వేసొచ్చాడు మహానుభావుడు. ఒంట్లో ఓపిక లేక వేసిన చోటే కూర్చుండిపోతే మాస్టారు గొడుగు పట్టాడట. రాయి కూడా ఎప్పుడో చెప్పారట. మాస్టారే నాతో అన్నాడు, "మీ తమ్ముడి షెడ్డులోనే ఇచ్చామమ్మా, చెక్కేవాడెవడో గానీ మహా బద్ధకస్తుడు, నెలలు గడుస్తున్నా ఒక వరస కూడా పూర్తి చేయలేదు" అని.

ఎంత చెక్కినా తెమలని ఆ రాయి ఏదిరా?

అక్క


రాతి షెడ్డు, పట్నం

అక్కా,

అదే రాయి.

నీకు చెప్పకూడదనే అనుకున్నాను. చలి తగ్గుతున్న రోజుల్లో మేస్త్రీ ఒక కాగితం నా చేతిలో పెట్టి చెక్కమన్నాడు. "ఈ నేలను మొదట దున్నినవాడు, అన్నిటా మొదటివాడు" అని ఉంది. అక్షరాల తీరు చూడగానే మాస్టారుదని తెలిసిపోయింది, నా చెవులు మెలిపెట్టిన చెయ్యి మరి. నాన్న బతికుండగా ఆయన రాయి నాకిచ్చారక్కా. నేను కాదంటే ఇంకొకడు రెండు రోజుల్లో చెక్కి బండెక్కిస్తాడు. మన ఊళ్ళో ఇదే మొదటి గొయ్యి, రాయి రాకుండా మాస్టారు కానివ్వడు. అందుకని నేనే తీసుకున్నాను. తీసుకుని, చెక్కడం మానేశాను.

పొద్దున ఒక గీత చెక్కుతాను. సాయంత్రం అది వంకరగా ఉందని అరగదీస్తాను. రాతిలో జీర ఉందని ఒకసారి చెప్పాను. ఉలి పోయిందన్నాను, అది నా మొలలోనే ఉంది. ఈ షెడ్డులో నా అంత చేతకానివాడు లేడని పేరొచ్చింది. ఆ మొదటి 'ఈ' చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. నీ ఉత్తరం చూసి నవ్వాను అని రాశాను గదా. నవ్వింది నిజమే, తరవాత బండరాళ్ళ వెనక్కి వెళ్ళి కూర్చుంది కూడా నిజమే.

కానీ నాన్న తిండి మానేస్తే నేను రాయి ఆపి ఏం లాభం?

రాత్రంతా ఆలోచించాను. వాళ్ళకి కావలసింది నాన్న పోవడం కాదు, వరస తప్పకపోవడం. గొయ్యి ఉంది. రాయి నాలుగు రోజుల్లో పంపుతాను. తక్కువైంది మనిషొక్కడే. ఆ ఒక్కటీ లేకుండా కానిచ్చేయడానికి వీలవుతుందేమో మాస్టారుని అడిగి చూడు. మర్యాదగా అడుగు. ఆయనకి పద్ధతి ముఖ్యం, మిగతావి సర్దుకుంటాడు.

తమ్ముడు


మన ఇల్లు, ముందు గది
అంతా అయిపోయాక

తమ్ముడూ,

నాన్న అంత్యక్రియలు దివ్యంగా జరిగాయి. ఆయన కూడా అదే అన్నాడు.

నువ్వు చెప్పినట్టే మాస్టారుని అడిగాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీసి, "పెట్టె ఖాళీగా దించడం మోసం అవుతుందమ్మా" అన్నాడు. అప్పుడు నాన్న మెల్లగా లోపలికెళ్ళి, పీకించుకున్న పన్ను తెచ్చి ఇచ్చాడు. ఇన్నేళ్ళూ దాచుకున్నాడురా, ఒక అగ్గిపెట్టెలో! "ఇది నాదేనండీ, పనికొస్తుందేమో చూడండి" అన్నాడు. మాస్టారు దాన్ని వెలుగులో పెట్టి చూసి, "శరీరంలో భాగమే గదా, ఇక అబద్ధమేముంది?" అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

ఊరంతా వచ్చింది. ఆరడుగుల పెట్టెలో ఒక పన్ను. నలుగురు మోశారు, బరువుగా ఉన్నట్టు మొహాలు పెట్టారు. నాన్న నాతో పాటు వెనకాల నడుస్తుంటే ఆపి ముందుకి పంపారు, శవం వెంట మొదట నడవాల్సింది మొదటాయనే గదా. గోతి దగ్గర మళ్ళీ చిక్కు. మొదటి పిడికెడు మట్టి ఎవరు వెయ్యాలి? అందరూ నాన్న వంక చూశారు. "నేను ఖాళీయేనండీ" అని ముందుకొచ్చి తన మీద తనే మట్టి పోసుకున్నాడు. మాస్టారు ఉపన్యాసంలో సింహంతో పోరాడిన ఘట్టం వచ్చింది. మన చుట్టుపక్కల సింహాలెక్కడివి అని నేను గొణుగుతుంటే నాన్న కళ్ళు ఒత్తుకుంటున్నాడు. "చాలా మంచి మనిషమ్మా" అంటున్నాడు. మీ బావ ఆయన భుజం తట్టి, "ఊరుకోండి మావయ్యా, పెద్దాయన అదృష్టవంతుడు, బాధపడకుండా వెళ్ళిపోయారు" అన్నాడు. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నానని ఆడవాళ్ళంతా నన్ను పట్టుకున్నారు.

అందరం అటునుంచి అటే రెండో బాబాయి ఇంటికి వెళ్ళాం. పిన్ని ఆయన చెవి దగ్గర వంగి, "అయిపోయిందండీ, మొదటాయన వెళ్ళిపోయారు" అంది. ఆయన కళ్ళు తెరిచాడు. అన్ని రోజులుగా బిగబట్టిన మొహం సడలింది.

"అయితే ఆయన పని అయిపోయినట్టే. నా నాగలి తెచ్చిస్తారా?" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు. తలుపు వెనకాల నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. తరవాత చెప్పాడు నాకు. ఆ నాగలి రెండో బాబాయిదిరా! అరువు తెచ్చుకుని, తిరిగి ఇచ్చేద్దామని తీసుకెళ్తుంటేనే దారిలో ఎద్దు పడుకుంది. మర్నాడు ఆయన తన నాగలి వెతుక్కుంటూ వచ్చాడు. వచ్చేసరికి నాన్న చాలు మధ్యలో ఉన్నాడు. పనిలో ఉన్న మనిషిని ఎలా అడుగుతాం, అయ్యాక అడుగుదాంలే అని గట్టు మీద కూర్చున్నాడు. అది అయ్యేసరికి విత్తడం వచ్చింది, ఆపైన కలుపు, ఆపైన కోత. నాన్నేమో, "అడిగితే ఇచ్చేద్దామని చూశానమ్మా. ఆయన అడగలేదు. తనంతట తను అడగని మనిషికి 'ఇదిగో నీది' అని ఇస్తే, దీని కోసమే వచ్చావా అన్నట్టు ఉండదూ?" అంటాడు. యాభై ఏళ్ళు! ఒకడు అడగలేడు, ఒకడు ఇవ్వలేడు, మధ్యలో ఒక ఊరు పుట్టింది.

నాన్న కొట్టంలోకి పరిగెత్తాడురా, ఆ కాళ్ళతో. నాగలి ఈడ్చుకొచ్చి, మంచం మీద ఆయన పక్కన పెట్టాడు. రెండో బాబాయి తలెత్తి చూశాడు.

"మీరు పోయారన్నారే?"

"పోయానండీ. ఇది ఇచ్చి వెళ్దామని వచ్చాను."

"అయ్యో, ఎందుకండీ ఆ శ్రమ" అన్నాడు రెండో బాబాయి. నాగలి మేడి మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. సాయంత్రానికి వెళ్ళిపోయాడు. అంత హాయిగా పోయిన మొహం నేను చూడలేదు. ఆయన్ని నాన్న గొయ్యి పక్కనే పెట్టాం. నాన్న ఈ పూట కడుపునిండా తిన్నాడు, రెండుసార్లు వడ్డించుకున్నాడు. నువ్వు కాపాడావురా ఆయన్ని, బద్ధకస్తుడా.

కింద ఏదో రాస్తానంటున్నాడు, కలం ఇస్తున్నాను.

అక్క

బాబూ, రాయి చాలా బాగుంది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. అడుగున కొంచెం ఖాళీ వదిలావు, దానిమీద కాలు పెట్టుకుని కూర్చోవడానికి వీలుగా ఉంది. నీ ఆరోగ్యం జాగ్రత్త. ఇట్లు, కీర్తిశేషులైన మీ నాన్న.


రాతి షెడ్డు, పట్నం

అక్కా,

ఉత్తరం మేస్త్రీకి చదివి వినిపించాను. నాన్న రాసిన నాలుగు ముక్కలూ మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. ఆ రాయి ఆలస్యం ఎందుకైందో అప్పుడు చెప్పాను. తిడతాడనుకుంటే, నా మొలలో ఉన్న ఉలి తీసి బల్ల మీద పెట్టి టీ తెప్పించాడు.

పోయాక ఎలా ఉంటున్నాడు మనిషి? వేళకి తింటున్నాడా? పోయినవాళ్ళు బస్సెక్కకూడదని మాస్టారు నియమం ఏమైనా పెట్టకపోతే ఒకసారి ఇటు పంపు. చూడాలని ఉంది.

తమ్ముడు


మన ఇల్లు, వెనక వరండా
మొదటి వానలు పడ్డాయి

తమ్ముడూ,

పంపుదామంటే కదలడు. ఆయనకి పని పడింది. తన గొయ్యి మీద గుమ్మడి పాదు పెట్టాడు. మాస్టారు అభ్యంతరం చెప్పబోయాడు గానీ, పోయిన మనిషితో మాట్లాడకూడదని ఆయనే అన్నాడాయె, ఇక ఏమంటాడు! కాయలు కాసి రాయి మీదికి ఎక్కాయి. ఇంటింటి గుమ్మంలో ఒకటి పెట్టి వస్తున్నాడు. ఎవరిచ్చారో తెలియనట్టు అందరూ తీసుకుంటున్నారు.

మొదట్లో సంబరంగానే ఉన్నాడు. ఎవరూ ముందుకు తోయడం లేదు, కొత్త మేక పాలు రుచి చూడ్డానికి కూడా ఆయన్ని పిలవలేదు. కానీ ఊళ్ళో ఆయన్ని ఎవరూ చూడరు, పలకరించరు. గుమ్మాల దగ్గర నిలబడి "ముందు మీరు కానివ్వండి" అనాలని ఎంత ఆశపడ్డాడో! అంటే ఎవరికీ వినపడదు, ఖాళీ గుమ్మంలోంచి నడిచినట్టు దాటిపోతారు. సాయంత్రాలు వచ్చి గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఏం నాన్నా అంటే, "చచ్చిన సుఖం కూడా అంతంతమాత్రమేనమ్మా" అన్నాడు.

ఇంతలో వాన పడింది. నేల పదునైంది. ఊరంతా గింజల సంచులు భుజాన వేసుకుని గట్లెక్కి నిలబడింది. నిలబడే ఉంది. మొదటి గుప్పెడు వెయ్యాల్సిన మనిషి పోయాడు గదా! రోజులు గడిచాయి. ఎండ కాసింది, పదును ఆరిపోతోంది. ఒక్కడు చెయ్యి ముందుకు చాపలేదు. ఈ ఏడాది తిండి అలా భుజాల మీద వేలాడుతోంది. మాస్టారు వచ్చి మన గోడతో, "ఆయన ఉండి ఉంటే ఇలా జరిగేదా?" అని మొరపెట్టుకున్నాడు. గోడకి ఆనుకుని నాన్నే కూర్చున్నాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, లేస్తే ఎక్కడ చల్లేస్తానో అని.

"నేను లేను గదమ్మా" అన్నాడు నాతో. అని, నా వంకే చూశాడు.

అప్పుడు చిర్రెత్తుకొచ్చిందిరా నాకు. కొంగు నడుముకి బిగించి సంచి తీసుకుని పోయాను. అంత మందీ నా చేతి వంకే చూస్తున్నారు. ఈ మనిషి అన్నేళ్ళు దీన్ని ఎలా మోశాడా అనిపించింది. కళ్ళు మూసుకుని ఒక గుప్పెడు విసిరాను. అమ్మయ్య అని ఊరంతా ఒక్కసారి అన్నది నాకు వినిపించింది. ఇక చూడు, గుప్పెళ్ళే గుప్పెళ్ళు.

వెనక్కి తిరిగి చూస్తే, వరసలో అందరికంటే చివర నాన్న. భుజాన సంచి. పిన్ని తన చేలో చల్లుతూ ఆయన దగ్గరికి వచ్చి ఆగింది. మాస్టారు నియమాలు ఆవిడకి పట్టవు. అందరూ వినేలా, "ఏం అన్నయ్యగారూ, మీరు చల్లరా?" అంది.

నాన్న చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ముందు మీరు కానివ్వండి" అన్నాడు.

ఆ మొహం నువ్వు చూసి ఉండాల్సిందిరా. పెళ్ళికొడుకు పనికిరాడు.

అక్క


మన ఇల్లు
పొద్దున్న

తమ్ముడూ,

ఈసారి నిజం. వెంటనే రా.

రోజూ అదే వరస పెట్టుకున్నాడు. అందరూ చల్లి ఇళ్ళకి చేరాక చివరి మడిలో తను చల్లేవాడు. నిన్న ఎంతకీ రాలేదు. మీ బావా నేనూ వెళ్ళాం. చివరి గట్టు మీద, కాళ్ళు చేలోకి వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. సంచి ఖాళీ. దులిపి, మడత పెట్టి, పక్కన పెట్టుకున్నాడు. నిద్రపోతున్నాడనుకుని మీ బావ, "మావయ్యా, అందరూ వెళ్ళిపోయారు, ఇక మీరే" అన్నాడు. అని, తనే కింద కూర్చుని ఏడ్చాడు. ఆ మనిషి ఏడవగా నేను చూడలేదు.

మాస్టారు ఇంటి బయట నిలబడి, "ఈ కార్యక్రమం ఇదివరకే అయిపోయింది గదమ్మా" అన్నాడు. ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు, నిజం చెప్పాలి. నేనేం అన్నానో రాయను, నీకు తెలుసు నా నోరు. ఆ తరవాత ఊరంతా వచ్చింది. వచ్చి వాకిట్లో ఆగిపోయింది. లోపలికి మొదటి అడుగు ఎవరిది? "ముందు మీరు కానివ్వండి" అంటాడొకడు. "ఛ ఛ, ముందు మీరే" అంటాడు ఇంకొకడు. ఒరేయ్, మన నాన్న జీవితమంతా నోరూరించుకున్న మాట, వాకిలినిండా అదే! లోపల ఆయన పక్కన కూర్చుని వింటూ ఉన్నాను. వినపడుతోందా నాన్నా అని అడిగాను.

చివరికి పిన్ని వచ్చింది. నాగలి ఈడ్చుకుంటూ. "అన్నాళ్ళు ఆయన్ని ముందుకు తోసినప్పుడు ఎక్కడివి ఈ మర్యాదలు? తప్పుకోండి!" అని అందర్నీ నెట్టుకుంటూ లోపలికొచ్చింది. నాగలి నాన్న మంచం పక్కన ఆనించి, "అన్నయ్యగారూ, మా ఆయన పని అయిపోయింది. ఇంకా మీకేమైనా దున్నేది ఉంటే ఉంచుకోండి" అంది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అంతవరకూ రాలేదు.

మొదటి గొయ్యి ఖాళీయేగా, పన్ను పక్కకి జరిపి అందులోనే పెడదామంటున్నారు. నేను ఒప్పుకోలేదు. రెండో బాబాయికి అవతల పక్క, ఆయన వెనకాల పెడతాం. గుమ్మడి పాదు అలాగే ఉంటుంది. నువ్వొచ్చేదాకా ఎవర్నీ కదలనివ్వను. త్వరగా రా.

అక్క


రాతి షెడ్డు, పట్నం
ఊరి నుంచి తిరిగొచ్చాక

అక్కా,

బస్సులో ఒళ్ళో నువ్విచ్చిన గుమ్మడికాయ పెట్టుకుని కూర్చున్నాను. దిగేటప్పుడు తలుపు దగ్గర ఒక పెద్దాయనకి దారి ఇచ్చి ఆ మాట అన్నాను. వెనకాలవాళ్ళు నన్ను తిట్టారు.

నాన్న రాయి బండెక్కించాను. ఈసారి ఒక్కరోజులో తెమిలింది, ఒక్క గీత కూడా అరగదీయలేదు. మాస్టారు పంపిన కాగితం మళ్ళీ వచ్చింది, సింహంతో సహా. దాన్ని కాయ కింద పెట్టాను. మేస్త్రీ వచ్చి చూసి, ఊరూ పేరూ లేదు, ఇదేం రాయిరా అన్నాడు. తరవాత ఇంకోసారి చదివి, తలపాగా తీశాడు.

ఏం చెక్కానో రాయను, బండి వచ్చాక చూడు. మాస్టారు గొడవ చేస్తే నా పేరు చెప్పు.

తమ్ముడు


మన ఇల్లు, వెనక వరండా
చేలు మోకాలెత్తు వచ్చాయి

ఒరేయ్ బద్ధకస్తుడా,

రాయి నిలబెట్టాం. గోనె విప్పేటప్పుడు ఊరంతా మెడలు చాచింది. మాస్టారు పైకి చదివాడు. "ముందు మీరు కానివ్వండి."

చదివి, చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన వెనకున్నవాళ్ళు ఇంకో నాలుగు వేశారు. అది ఉన్నది దిబ్బ మీదాయె, అక్కడ ఎవరు ముందు కానిస్తారు? "అబ్బే, తొందరేం లేదండీ" అన్నాడు మాస్టారు రాయితో, వినయంగా చేతులు కట్టుకుని. అప్పట్నుంచి ఆ దారిన పోయేవాళ్ళంతా అదే మాట. ఒక దణ్ణం, "పర్వాలేదండీ, మేం తరవాత వస్తాం" అని గబగబా నడక. పిన్ని ఒక్కతే గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి నవ్వుతుంది. ఊరు ఊరంతా ఇప్పుడు జాగ్రత్తగా బతుకుతోందిరా, వేళకి తిని, వేళకి పడుకుని. మాస్టారు దగ్గుకి మందు కూడా మొదలుపెట్టాడు.

ఇవాళ అందరూ పనుల్లో ఉన్నప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళాను. గుమ్మడి తీగ రెండో బాబాయి మీదుగా పాకి నాన్న దాకా వచ్చింది. రాయికి అంటిన మట్టి కొంగుతో తుడిచాను. నీ అక్షరాలు నిజంగానే గుండ్రంగా ఉన్నాయి. అక్కడ నిలబడి, చదివి, జవాబు చెప్పకపోతే బాగోదనిపించింది.

"లేదులే నాన్నా," అన్నాను, "ఈ ఒక్కసారికీ నువ్వే."

నీ అక్క